చక్రం టీచరమ్మ

మల్దకల్‌లో బస్సు దిగే ప్రేమలత టీచరు భుజాన సంచీతో పాటు ఓ పాత సైకిలు చక్రం కూడా వేలాడుతుంది. దాని చుట్టూ సగానికి కోసిన ప్లాస్టిక్ సీసాలు కట్టి ఉంటాయి, పక్కన డైనమో, చిన్న బల్బు. ఏడో తరగతి పిల్లలు బకెట్లతో నీళ్లు పోస్తే చక్రం తిరిగి బల్బు వెలుగుతుంది. "నీళ్లు తిప్పినా, గాలి తిప్పినా, బొగ్గు కాలిస్తే వచ్చే ఆవిరి తిప్పినా కరెంటు గిట్లనే పుడ్తది" అంటూ ఆమె చేతులు గిరగిరా తిప్పుతుంది. విత్తన పత్తి క్రాసింగు రోజులొస్తే మాత్రం ఆమెకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మగ పువ్వు పుప్పొడిని ఆడ పువ్వుకు అద్దడానికి ఆడపిల్లల్ని పొద్దున్నే చేలకు తోలుకుపోతారు, బళ్లో బెంచీలు బోసిపోతాయి.

మొన్న ఆ ఖాళీ బెంచీలు చూసి, చక్రం భుజాన వేసుకుని నేరుగా కురుమూర్తి చేనుకు నడిచింది. క్లాసులో అందరికంటే ముందు చెయ్యెత్తే యామిని అక్కడ పత్తి సాళ్లలో వంగి ఉంది. "చిన్న వేళ్లయితే పువ్వు నలగదు టీచరమ్మా" అన్నాడు కురుమూర్తి, ఆగిపోయిన బోరు మోటారు పక్కన నిలబడి. "గా ముచ్చట ఇడువు. గంత సదువుకున్నవు, ఈ కరెంటు ఏడికెల్లి వస్తదో, ఎందుకు పోతదో జర చెప్పు."

ప్రేమలత కొంగు నడుముకు బిగించింది.

"నన్నెందుకు అడుగుతవ్ కురుమూర్తన్నా? నీ చేన్ల వంగబెట్టినవే, గా పిల్లను అడుగు. చెప్పకపోతే తప్పు దానిది కాదు. కరెంటు పాఠం నడిచిన దినం అది నీ దగ్గరనే ఉండె."