సగం ఏరు, సగం వడ్లు

ఈ రోజు సంత నుంచి జనాన్ని ఎక్కించుకుని వస్తుంటే మా పడవ ఇంజను శబరి ఏటి నడుమ మళ్లీ ఆగిపోయింది. మా ఆయన హ్యాండిల్ ఎంత తిప్పినా నల్లటి పొగే తప్ప చప్పుడు రాలేదు. చివరికి తెడ్లు తీసి ఎక్కినవాళ్లకే ఇచ్చాడు. ఒడ్డు చేరాక, వరసకు అత్తయ్యే మా ఊరి పోచమ్మత్త తన తెడ్డు నా ఒళ్లో పడేసింది.

"ఏందే కోడలా, ఈసారి వడ్లు సగమే కొలుస్తా. సగం ఏరు నేనే దాటుకున్న గదా!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మా ఊళ్లో పడవ కూలి ఏడాదికోసారి, కోతలయ్యాక వడ్లుగా కొలుస్తారు. ఇంజనుకు కావలసిన ఆయిలు, రింగులు అప్పటిదాకా ఆగవు. ఆ వడ్లు ఇస్తామంటేనే మిస్త్రీ ఇంజను విప్పడానికి ఒప్పుకున్నాడు.

అత్త ఎగతాళికే అంది. కానీ పొద్దుగూకేసరికి, అదే పడవలో వచ్చిన పక్కింటివాళ్లు మా ఇంటికొచ్చి, తామూ సగమే కొలుస్తామని నిజంగానే చెప్పారు. "అదేంది?" అని మా ఆయన అడిగితే, "నీ పెండ్లామే నవ్వింది గదా, ఒప్పుకున్నట్టే" అన్నారు.

నా నవ్వుకు ఇంత విలువుందని ఇవాళే తెలిసింది. మీరైతే అక్కడ ఏమనేవాళ్లో చెప్పండి.