మోగని డోళ్లు

వల్దేమార్ సిల్వేరా ఇళ్లకు రంగులు వేసి బతికినవాడు. మాంటెవిడియో రేవు పక్క పేటలో పుట్టాడు, అక్కడే ముసలివాడయ్యాడు. అయినా ఆ పేటలో ఎవర్నడిగినా రంగులవాడని చెప్పరు, పెద్ద డోలు వల్దేమార్ అంటారు. ఆదివారం సాయంత్రం నడివీధిలో మంట వేసి, తోలు బిగిసేలా డోళ్లు కాచుకోవడం, భుజాన తగిలించుకుని ఒక చేతి కర్రతో, ఇంకో ఉత్త అరచేత్తో వాయిస్తూ వీధులన్నీ తిరగడం అతని డోళ్ల జట్టుకు మంచినీళ్లు తాగినంత మామూలు. జ్వరమొచ్చినా, పెళ్లాంతో తగవొచ్చినా అతను ఏ ఆదివారమూ మానలేదు.

మెడలోనూ చంకలోనూ గడ్డలు లేచాక మానాడు. లింఫోమా అనే క్యాన్సర్ అన్నారు. రెండు విడతల కీమోతో మనిషి చెరకు పిప్పిలా అయిపోయాడు. తిండి సయించదు, నిద్ర పట్టదు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. భార్య నెల్బా రోజూ తాగే మాతే ఆకు కషాయం కాచి ఇస్తే అదీ చేదెక్కిందని పక్కన పెట్టేసేవాడు. విసుగంతా ఎవరి మీద చూపించాలో తెలియక తన ఒంటినే తిట్టుకునేవాడు.

డాక్టర్ ఇరిగోయెన్ ఓపికగల మనిషి, విడమరచి చెప్పింది. ఇప్పుడు పెట్ స్కాన్ తీస్తారు. రేడియో మందు కలిపిన చక్కెరను సూదితో ఎక్కిస్తారు. ఆకలి మీదున్న కణాలు దాన్ని లాక్కుని తెర మీద వెలుగుతాయి. గడ్డలు వెలగలేదంటే మందు పనిచేస్తున్నట్టే, ఊపిరితిత్తుల్ని పాడుచేసే మందొకటి తీసేయవచ్చు. వెలిగాయంటే ఇంతకన్నా మోటు మందులు మొదలుపెట్టాలి. ఆ మాట విన్న దగ్గర్నుంచీ వల్దేమార్‌కు ఒకటే దిగులు. చావంటే అంత భయం లేదు గానీ, ఇంతకన్నా మోటువి మాత్రం తన వల్ల కాదు. ముందురోజు ఒళ్లు అలిసే పనేదీ పెట్టుకోవద్దని కూడా డాక్టర్ చెప్పింది. అతను బుద్ధిగా తలూపాడు. పనంటే నిచ్చెనలూ రంగు డబ్బాలూ కదా!

స్కాన్ సోమవారం. ఆదివారం సాయంత్రం జట్టంతా వచ్చి అతని గుమ్మం ముందు ఆగింది. తమలో ఒకడు మంచాన పడితే అలా వచ్చి వాయించడం వాళ్ల మర్యాద. జట్టు పెద్ద ఎదిల్బెర్తో అతని పెద్ద డోలు కూడా కాచి తెచ్చాడు. ఇక వల్దేమార్ ఆగుతాడా? వీధి చివరిదాకా వాయిస్తూ వెళ్లి, చెమటలు కక్కుతూ తిరిగొచ్చాడు. వచ్చి రెండు ముద్దలు తిన్నాడు కూడా. నెల్బా సంతోషించిందే తప్ప వద్దనలేదు. డోలు వాయించడం పనని ఆ పేటలో ఎవరికి తోస్తుంది?

మర్నాడు తెర మీద అతని భుజాలూ చేతులూ వీపూ దీపాలు పెట్టినట్టు వెలిగిపోయాయి. డాక్టర్ తెర దగ్గరికి వంగి మళ్లీ చూసింది. ఆ తర్వాత నిన్న ఏం చేశారని అడిగింది.

"ఏమీ చెయ్యలేదమ్మా. ఇంటి పట్టునే ఉన్నా" అన్నాడు వల్దేమార్.

"కాస్త డోలు వాయించాడు, అంతే" అంది నెల్బా.

డాక్టర్ నుదురు పట్టుకుంది. చక్కెరంతా కండలే తినేశాయనీ, గడ్డల సంగతి ఇందులో తేల్చి చెప్పలేననీ, వచ్చే సోమవారం మళ్లీ తీయాల్సిందేననీ చెప్పింది. ఇంకో వారం ఆ దిగులు మోయాలా అని వల్దేమార్‌కు ఏడుపొచ్చింది. నెల్బా మాత్రం ఇంటికైనా వెళ్లకుండా నేరుగా ఎదిల్బెర్తో గుమ్మం ముందు దిగి, వాణ్ణీ వాడి జట్టునూ దుమ్ము దులిపేసింది. మీ మర్యాద మండిపోను, మనిషి ప్రాణం మీదికి తెచ్చారంది. ఎదిల్బెర్తో తల వంచుకుని విన్నాడు.

మళ్లీ ఆదివారం వచ్చింది. వీధిలో మంట లేదు. పొద్దు వాలుతుండగా కిటికీ కింద అడుగుల చప్పుడైంది. జట్టంతా భుజాన డోళ్లతో, చేతులు కిందికి వేలాడేసుకుని నడిచి వెళుతోంది. ఒక్కడూ వాయించలేదు. ఆ వీధి పుట్టాక డోళ్లు అలా మోగకుండా వెళ్లింది లేదు. కిటికీ దగ్గర కూర్చున్న వల్దేమార్ వేళ్లు దుప్పటి మీద ఆడబోయాయి. నెల్బా గట్టిగా పట్టుకుంది.

"కదపకు, ముసలోడా."

"అడుగులు విన్నావా? ఆ చిన్న డోలువాడు తొందరపడుతున్నాడు, ఎప్పట్లాగే" అన్నాడు. అని, చేతులు ఆమెకే వదిలేసి ఏడ్చాడు.

సోమవారం బొమ్మలో అతని చేతులు వెలగకుండా నల్లగా ఉన్నాయి. మెడా చంకా కూడా నల్లగానే ఉన్నాయి. ఊపిరితిత్తుల్ని పాడుచేసే ఆ మందు తీసేస్తున్నాననీ, మిగతా విడతలు ఇంత మోటుగా ఉండవనీ డాక్టర్ చెప్పింది. వల్దేమార్ సరేనన్నాడు. సంతోషించడానికి కూడా ఓపిక లేక, బయట బల్ల మీద నెల్బా భుజానికి తల ఆనించి నిద్రపోయాడు. తల కదలకుండా ఆమె మెల్లగా ఫోన్ తీసింది.

"ఎదిల్బెర్తో, చంకలో ఏమీ వెలగలేదు. వీధిలో మంట వెయ్యండి."

"ఇవాళ సోమవారం కదా వదినా?"

"అయితే ఏమిట్రా? వెయ్యి. నేను ఈయన్ని లేపి తీసుకొస్తున్నా."