అయస్కాంతం మీద వచ్చే ఫలితం

మాఘమాసం, మంగళవారం. పొద్దుటి నుంచి అయిన పనులు: పాలు కాచి తోడు పెట్టడం, రెండు బకెట్ల బట్టలు, అత్తగారికి మాత్రలు, మధ్యాహ్నానికి పప్పుచారు, పెంటపాడు దాకా కారు తిప్పుకొచ్చి ఆయిలు వేడి చేయడం. మిగిలింది ఒక్క పని. దాని కోసమే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా బావగారు పోయారు. మా ఆయనకు అన్నగారు. పోయిన నెలలో ఒకరోజు తెల్లవారుజామున నిద్రలోనే పోయారు. ఆ పొద్దున నేను ఎప్పటిలాగే కాఫీ గ్లాసు ఆయన గది గుమ్మం దగ్గర పెట్టి, పాత అలవాటు కొద్దీ గాజులు ఒకసారి చప్పుడు చేసి వచ్చేశాను. గ్లాసు మీద మూత తీయలేదేమిటా అని అత్తగారు లోపలికి తొంగిచూశాక గానీ తెలియలేదు.

తాడేపల్లిగూడెంలో ఆయన్ని ఎరిగినవాళ్ళు చాలామందే ఉన్నారు. పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెప్పి రిటైరయ్యారు. పలకరించడానికి వచ్చినవాళ్ళంతా, "పాఠం చెబితే ఆయనే చెప్పాలండీ" అన్నారు. నేను ఆయన క్లాసులో కూర్చోలేదు. నాకు పాఠం మా వెనక వసారాలో జరిగింది. అది తలుచుకుంటే నాకు ఏడుపు కంటే ముందు హుషారు పుట్టుకొస్తోంది. తప్పేమో తెలియదు. ఆయన మటుకు తప్పనరు.

ఆయన పెళ్ళి చేసుకోలేదు. కారు నడపడమంటే ప్రాణం. వయసులో ఉండగా జంగారెడ్డిగూడెం మెట్ట రోడ్ల మీద ఆయన జీపెక్కినవాళ్ళు, దిగాక కాసేపు నేలమీద చతికిలబడేవారట. అలాంటి మనిషికి పక్షవాతం వచ్చింది. తగ్గింది గానీ ఎడమ చెయ్యి, ఎడమ కాలు పూర్వంలా రాలేదు. క్లచ్ తొక్కే కాలు అది. గేటు దగ్గర కుర్చీ వేసుకుని, వీధిలో పోయే ప్రతి బండినీ చెవులతో చూస్తూ కూర్చునేవారు.

"కుడికాలు దివ్యంగా ఉంది. గేర్లు వాటంతటవే మారే కారైతే మీరు నిక్షేపంగా నడపొచ్చు" అన్నారు డాక్టరుగారు ఒకరోజు. అంతే, ఆ సాయంత్రం నుంచి ఆయన కుర్చీ గేటు దగ్గర లేదు.

"చిన్న కారొకటి కొనుక్కో అన్నయ్యా. ఆటోమేటిక్‌వి బోలెడు వస్తున్నాయి" అన్నారు మా ఆయన.

"ఊరికే కూర్చోవడానికైతే ఇంట్లో కుర్చీ ఉంది కదరా" అన్నారు బావగారు.

ఆకివీడు అవతల చేపల చెరువుల ఆసామి ఒకాయన మంచి రోజుల్లో సరదాపడి కొన్న విదేశీ కారు ఒకటుంది. రెండే తలుపులు, ఆరు సిలిండర్లు, ఆటోమేటిక్ గేర్లు, నేలకి ఆనుకున్నట్టుండే ఒళ్ళు. కొల్లేరు పొంగినప్పుడు నీళ్ళలో నడిపారు. గేర్‌బాక్సులోకి నీళ్ళు పోయాయి. అప్పటినుంచీ ఇంజను అరుస్తుంది గానీ చక్రం తిరగదు. మేత బస్తాల పక్కన టార్పాలిన్ కింద పడి ఉన్నదాన్ని బావగారు తీసుకున్నారు. చేపల లారీ మీద ఎక్కించి పంపితే, కారుతో పాటు నీచు వాసన కూడా దిగింది. అత్తగారు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని దాని చుట్టూ పసుపునీళ్ళు చల్లారు. ఆ పసుపు సంగతి గుర్తుంచుకోండి. మళ్ళీ వస్తుంది.

గేర్‌బాక్సు దించడం, ఎక్కించడం మెకానిక్కుల చేత చేయించారు. విప్పి, అరిగినవి మార్చి, తిరిగి కట్టే పని మాత్రం తనదే అన్నారు. దాన్ని తెచ్చి వసారాలో బల్ల మీద పెట్టారు. అసలు చిక్కు అక్కడే వచ్చింది. ఆ పనికి రెండు చేతులు కావాలి. ఆయనకు ఒకటిన్నర ఉంది.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. తమ్ముడి భార్య బావగారితో నేరుగా మాట్లాడదు, ఎదురుగా కూర్చోదు. నేను కాపురానికొచ్చినప్పటి నుంచీ కాఫీ అందిందా, కూరలో ఉప్పు సరిపోయిందా అన్నవన్నీ అత్తగారి ద్వారానే అడిగేదాన్ని. మొదటి రోజు గేర్‌బాక్సు కూడా అలాగే మొదలైంది.

ఒక గుండ్రటి డ్రమ్ములో బలమైన స్ప్రింగుంది. దాన్ని ఆయన మర తిప్పి నొక్కే పనిముట్టుతో అదిమి పట్టుకున్నారు. పైన ఉన్న ఉక్కు రింగుని ఇంకొకరు తీయాలి.

"అమ్మా, ఆ అమ్మాయిని రింగు చివర పట్టుకోమను" అన్నారు.

"పట్టుకోవాలిటే" అన్నారు అత్తగారు.

"పట్టుకున్నానని చెప్పండి అత్తయ్యగారూ."

"పట్టుకుందిరా."

"ఎడమవైపు నుంచి మెల్లగా ఎత్తమను. మెల్లగా!"

"ఒరేయ్, నువ్వు చెప్పింది నేను చెప్పేలోపు అది జారిపోతోందిరా!"

నిజంగానే పనిముట్టు పక్కకి ఒరిగింది. "బావగారూ, వదలకండి! నేను తీసేశాను, ఇప్పుడు మెల్లగా వదలండి!" అని అరిచాను. స్ప్రింగు బుద్ధిగా పైకి లేచింది. ఆయనతో నేను నేరుగా మాట్లాడిన మొదటి మాటలవి.

అత్తగారు మా ఇద్దరి వంకా చూసి, ఒక పీట తెచ్చి ఆయనకెదురుగా వేశారు. "కూర్చోవే. నా నడుం పోతోంది మీ ఇద్దరి మధ్యా తిరగలేక" అన్నారు. ఆ పద్ధతి అక్కడితో సరి.

అది మొదలు, వంటయ్యాక రోజూ పీట మీదే. లోపల బిళ్ళలు దొంతరలుగా ఉంటాయి. ఒకటి కరుకు, ఒకటి నున్నటి ఉక్కు, మళ్ళీ కరుకు. ఆయిలు వాటిని అదిమితే ఆ గేరు పట్టుకుంటుంది, వదిలితే వదిలేస్తుంది. ఒక్కో దొంతరనీ ఒక్కో స్టీలు పళ్ళెంలో, తీసిన వరసలోనే ఎడమ నుంచి కుడికి పెట్టుకుంటూ వచ్చాను. బావగారు చూసి, "విస్తట్లో వడ్డించినట్టుందమ్మా. మా ల్యాబులో ఇలా పెట్టమని మొత్తుకునేవాణ్ణి" అన్నారు.

కొత్త కరుకు బిళ్ళలు బిగించే ముందు రాత్రంతా ఎర్రటి గేర్ ఆయిల్లో నానాలి. పెద్ద గిన్నెలో నానబోశాను. అత్తగారు మూత తీసి చూసి, "ఇదేం పప్పే? రేపు రుబ్బుతారా?" అన్నారు.

ఎక్కడైనా నేను గట్టిగా నొక్కబోతే బావగారు చెయ్యి అడ్డం పెట్టేవారు. "బలవంతం చేయాల్సొచ్చిందంటే మనం తప్పుచోట ఉన్నామని అర్థమమ్మా." ఈ మాట ఇప్పుడు పచ్చడి జాడీ మూత దగ్గర కూడా నాకు వినిపిస్తుంది.

దొంతరలన్నీ కూర్చాక ఒక్కో దానిలోకీ గాలి కొట్టి పరీక్ష చేశాం. బిగింపు సరిగ్గా ఉంటే లోపల 'ఠప్' మంటుంది. లేకపోతే బుస్సుమని గాలి పోతుంది. మొదటిది ఠప్. రెండోది ఠప్. ఆఖరిది కూడా పలికేసరికి నేను పీట మీంచి లేచి చప్పట్లు కొట్టాను. బావగారు కుడిచేత్తో తన ఎడమ అరచెయ్యి ఎత్తి పట్టుకుని, దానితో చప్పట్లు కలిపారు.

మిగిలింది గేర్‌బాక్సు మెదడు. అల్యూమినియం పలక, దాని నిండా మెలికలు తిరిగిన సన్నటి కాలవలు. ఏ గేరు ఎప్పుడు పడాలో ఆ కాలవల్లో ఆయిలు తేలుస్తుంది. నాకు అచ్చం మెలికల ముగ్గులా కనిపించింది. ఇబ్బంది ఏమిటంటే, మా అత్తగారికీ అలాగే కనిపించింది. మహర్నవమి నాడు ఆయుధపూజ. ఆవిడ కత్తిపీటకి, గ్రైండరుకి, కుట్టుమిషనుకి బొట్లు పెట్టుకుంటూ వసారాలోకి వచ్చి, అంత చక్కటి ముగ్గులో పసుపు కుంకుమ లేకపోవడమేమిటని మెలికల నిండా వేసేశారు.

బావగారు పడీపడీ నవ్వారు. పెట్రోలుతో కడిగాం, గాలి కొట్టాం, కనిపించినంతా తుడిచాం, బిగించాం.

కారు కదిలింది! ఒకటి పడింది, రెండు పడింది, మూడు పడలేదు. ఎంత తొక్కినా ఇంజను గోల పెడుతోంది గానీ రెండు దాటడం లేదు. బావగారు వీధి చివర నుంచే వెనక్కి తిప్పుకొచ్చేశారు. మర్నాడు కుర్చీ మళ్ళీ గేటు దగ్గరికి చేరింది. "పోనీలే అన్నయ్యా, ఎవరికైనా ఇచ్చేద్దాం" అన్నారు మా ఆయన. బావగారు కాదనలేదు. దానికే నాకు భయం వేసింది. ఆ కుర్చీలోంచి ఆయన ఇంక లేవరేమో అనిపించింది.

ఆ శుక్రవారం దేవుడి కుందులు తోముతున్నాను. నూనె వంచేశాక కుంది శుభ్రంగానే కనిపించింది. వేలు పెడితే మెడ దగ్గర రవ్వలా తగిలింది. ఎప్పుడో రాలిన కుంకుమ, నూనెలో నాని, ముద్దకట్టి పట్టుకుని ఉంది. తడిచేతులతోనే గేటు దగ్గరికి పరిగెత్తాను.

"బావగారూ! ఎరుపులో ఎరుపు కనపడదండీ! ఆయిలూ ఎరుపే, కుంకుమా ఎరుపే. మనం కళ్ళతో వెతికాం, వేళ్ళతో వెతకలేదు!"

ఆయన నా వంక చూసి, చేతికర్ర కోసం తడుముకున్నారు. "ఈ పాఠం మా సిలబస్‌లో లేదమ్మా. పద."

పలక మళ్ళీ దించాం. వేలెడంత ఉక్కు కడ్డీలు దాని రంధ్రాల్లో జారుతుంటాయి. పలకని ఓరగా పట్టుకుంటే కడ్డీ తన బరువుకి తానే జారాలి. అన్నీ జారాయి. మూడో గేరుది సగంలో ఆగిపోయింది. బయటికి తీసి వేలితో తడిమితే అదే రవ్వ. కడిగి, ఆయిలు రాసి, తిరిగి పెట్టి ఓరగా పట్టుకున్నాను. జర్రున జారింది.

"నా కుంకుమే అడ్డొచ్చిందట్రా?" అని అత్తగారు చిన్నబోయారు.

"అడ్డు కాదమ్మా. నువ్వు బొట్టు పెట్టావని అది దణ్ణం పెట్టుకుంటూ అక్కడే ఆగిపోయింది."

ఆ తరవాతవి మా మంచి రోజులు. యాక్సిలరేటరు నుంచి గేర్‌బాక్సుకి సన్నటి కేబుల్ ఒకటుంటుంది. దాన్ని బిగిస్తే గేరు ఆలస్యంగా, గట్టిగా పడుతుంది. వదులు చేస్తే తొందరగా, మెత్తగా పడుతుంది. ఆయన నడపడం, నేను పక్క సీట్లో కూర్చుని గేరు పడినప్పుడల్లా "ఇప్పుడు!" అని వేగం చదవడం, అత్తగారు వెనక సీట్లో జంతికల డబ్బాతో. పెంటపాడు రోడ్డు పక్కన ఆపి కాస్త బిగించడం, మళ్ళీ నడపడం. "గేరు మారినట్టు తెలియకూడదమ్మా. వేగం పెరిగినట్టు తెలియాలి" అనేవారు. ఒక సాయంత్రం నేను "ఇప్పుడు" అనలేకపోయాను. ఎప్పుడు మారిందో తెలియలేదు. ఆయన నా వంక తిరిగి కనుబొమలెగరేశారు.

కార్తీకమాసంలో కొల్లేరు బయలుదేరాం. ఎడమకాలి చెప్పు విప్పేసి, ఆ కాలిని విశ్రాంతిగా ఓ మూల పెట్టుకున్నారు. గుండుగొలను దాటాక హైవే ఖాళీగా దొరికింది. "గట్టిగా పట్టుకోండి" అని కుడికాలు నేలదాకా తొక్కారు. గేర్‌బాక్సు టక్కున ఒక గేరు కిందికి దిగింది. ఇంజను గొంతు మారింది. కారు ముందుకి దూకింది. నా గుండె మాత్రం గుండుగొలనులోనే ఉండిపోయింది!

"ఒరేయ్, ఒరేయ్! నా వీపు సీటుకి అతుక్కుపోయిందిరా!" అని అత్తగారు కేకలు. వేగం తగ్గాక, కొంగు సర్దుకుని, "ఏదీ, ఇంకొక్కసారి చెయ్యి" అన్నారు.

ఏలూరు మీదుగా కొల్లేరు రోడ్డెక్కాం. చెరువు గట్ల మీద గూడబాతులు బారులు తీరి ఉన్నాయి. బావగారు కారు ఆపి, దిగకుండా స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని చాలాసేపు చూశారు. ఎడమ చెయ్యి కూడా స్టీరింగు మీదే ఉంది.

అయితే ఇంకో పరీక్ష ఉందని మొదటి నుంచీ చెప్పేవారు. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక మొదటి ఆయిలు తీసేసి, గేర్‌బాక్సు కింది పళ్ళెం విప్పాలి. అందులో చిన్న అయస్కాంతం ఉంటుంది. "ఫలితాలు దాని మీద వస్తాయి. మెరిసే ముక్కలుంటే లోపల ఏదో తినేస్తోందని, మనం ఫెయిలు. నల్లటి పొర మాత్రమే ఉంటే పాసు. ఆ ఆయిలు మార్పు మనం దానికి బాకీ." వెయ్యి దాటింది. "ఇంకో యాభై తిరిగొచ్చి చూద్దాం" అనేవారు. మళ్ళీ యాభై. నడపడం మాని విప్పడం ఆయనకు ఇష్టం లేకపోయింది. నాకూ నడపడం నేర్పారు. ఫలితం చూడకుండానే వెళ్ళిపోయారు.

ఇక్కడిదాకా రాసి లేచాను.

కారు ముందు చక్రాలు దిమ్మల మీదికి ఎక్కించాం. మా ఆయన టార్చి పట్టుకున్నారు. నేను కింద దూరి బోల్టులు ఒక్కొక్కటే వదులు చేశాను. ఒకటి మొరాయిస్తే బలవంతం చేయలేదు. పానా తీసి, సరిగ్గా కూర్చోబెట్టి మళ్ళీ తిప్పాను, వచ్చింది. ఎర్రటి ఆయిలు వెచ్చగా ట్రేలోకి ధారకట్టింది. పళ్ళెం చేతిలోకి వచ్చింది. వెలుతురులోకి తెచ్చి అయస్కాంతాన్ని వేలితో తుడిచాను. వేళ్ళతో వెతకాలిగా.

అత్తగారు వసారాలో నా పీట మీద కూర్చుని ఉన్నారు. "ఏమైందే? మీ బావగారు పాసయ్యాడా?" అన్నారు.

దగ్గరికి వెళ్ళి వేలు చూపించాను. ముక్క లేదు, రవ్వ లేదు. మెత్తటి నల్లటి పొర, ఇంట్లో పట్టిన కాటుకలా.

"పాసయ్యారండీ అత్తయ్యగారూ."

ఆవిడ తన వేలు నా వేలికి ఆనించి, ఆ నలుపు కొంచెం తీసుకుని, ఎండకేసి చాలాసేపు చూసుకున్నారు.

కొత్త ఆయిలు పోశాను. బాకీ: గేర్‌బాక్సుకు మొదటి ఆయిలు మార్పు. తీరింది.