ముందే పెట్టిన సంతకం

మా ఊరి పంచాయతీ రిజిస్టరులో ఆ రోజు గురించి ఒక పేజీ ఉంది. కింద నా సంతకమూ ఉంది. పైన రాసినదానికీ ఆ రోజు జరిగినదానికీ పొంతన లేదు. జరిగింది ఇంకెక్కడా లేదు కనుక ఇక్కడైనా ఉండాలని రాస్తున్నాను.

నేను పదో తరగతి తప్పినవాణ్ని. తర్వాత చదివిందంతా మోత్కూర్ గ్రంథాలయంలోనే. పత్తి గింజలకు పోయినా, పురుగుల మందుకు పోయినా అక్కడ ఒక గంట కూర్చోకుండా రాలేదు. రాజ్యాంగం రెండుసార్లు చదివి, మాట్లాడే స్వేచ్ఛ గురించిన భాగాన్ని నోటుబుక్కులో ఎక్కించుకున్నాను. ఊళ్లో అది చదివింది నేనొక్కణ్నేనని గర్వం ఉండేది.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు మా పై వాడలో ఇంటింటికీ నల్లాలు బిగించారు. గడ్డ మీది ఇండ్లు కదా, నీళ్లు అంత ఎత్తుకు ఎక్కలేదు. చివరి ఇంట్లో మేకలు కాసుకుని బతికే ముసలామె, నాకు వరుసకు అవ్వ, రోజూ పొలం బావి నుంచి బిందె మోసేది. తన నల్లాకు మేకపిల్లను కట్టేసేది.

గ్రామసభ పెడుతున్నారని తెలిసి ఆమెను మాట్లాడమన్నాను.

"నాకు మాటలొస్తయా బిడ్డా?"

"మేకలను తిట్టెటప్పుడు మస్తు వస్తయి గదా! నీళ్లొస్తలేవని చెప్పు, చాలు. మాట్లాడే హక్కుందని రాసిండ్రు అవ్వా."

"ఏడ రాసిండ్రు?"

నోటుబుక్కు చూపించాను. అక్షరాల మీద వేలు పెట్టి, "గింత సన్నగ రాసిండ్రేంది?" అంది.

పంచాయతీ గుమ్మం దగ్గర బల్ల మీద రిజిస్టరు తెరిచి ఉంది. గ్రంథాలయంలో లోపలికి పోగానే సంతకం పెట్టి కూర్చోవడం నాకు ఏళ్ల అలవాటు. ఇక్కడా అలాగే పెట్టాను. పేజీలో పై సగం ఖాళీగా ఉండటం చూశాను కూడా. నా సంతకం కింద అవ్వ వేలిముద్ర వేసింది.

సభలో లేచి, పై వాడకు నీళ్లు రావడం లేదన్నాను. సర్పంచ్ నవ్వాడు.

"ఎవలకొస్తలేవు తమ్మీ?"

అవ్వను లేపాను. ఆయన ఎంతో ప్రేమగా ఆమె వైపు తిరిగాడు.

"మంచిగున్నవా అవ్వా? పింఛన్ నెలనెల వస్తాందా?"

"వస్తాంది బిడ్డా."

"మోకాళ్ల నొప్పులు?"

"జర తగ్గినయి."

"మరి నీళ్ల ముచ్చటేంది?"

అవ్వ నా వైపు చూసింది. తర్వాత నేల చూసింది. "నీళ్లకేంది బిడ్డా... వస్తయి" అని కూర్చుంది.

"గాయన పుస్తకాలల్ల వస్తలేవేమో!" అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

ఎవరూ బెదిరించలేదు. ఫిర్యాదు చేద్దామన్నా ఒక్క చెడ్డ మాట దొరకదు.

నీళ్లు రావడం లేదని రాసి మండలాఫీసుకు దరఖాస్తు పట్టుకుపోయాను. అధికారి రిజిస్టరు తెప్పించాడు. ఖాళీగా ఉన్న పై సగం నిండిపోయింది: పై వాడతో సహా అన్ని ఇండ్లకూ నీరు అందుతున్నదని సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. కింద మొదటి సంతకం నాది.

"ఇది మీదేనా?"

"నాదే సార్."

నోటుబుక్కు తీసి చదివాను. ఆయన చివరిదాకా విన్నాడు. "మంచిగ రాసుకున్నరు. మిమ్మల్ని మాట్లాడొద్దని ఎవరన్నరు?" అని దరఖాస్తు నా చేతికే ఇచ్చాడు. దాన్ని మడిచి నోటుబుక్కులో పెట్టుకున్నాను. మేకపిల్ల పెద్దదయింది, నల్లాకు ఇప్పుడు అవ్వ దాని పిల్లను కడుతున్నది.

అడిగిన ప్రతిసారీ పుస్తకం వెతికిచ్చినవారు, దరఖాస్తు దిద్దిపెట్టినవారు, ఆ పేజీ ఫోటో తీసి నాకు పంపినవారు, నాతో సభకు వచ్చినవారు ఉన్నారు. ఒక్కొక్కరికీ పేరుపేరునా దండం పెడుతూ ఇక్కడ రాసుకున్నాను. అవ్వకు చదివి వినిపిస్తే, "నా పేరు కొట్టెయ్ బిడ్డా, నీ కాళ్లు మొక్కుత" అంది. ఆమె పేరు కొట్టేశాక మిగతావి ఉంచడానికి చెయ్యి రాలేదు. అన్నీ కొట్టేశాను. అందరికీ దండాలు.