రుచి చూసే చేయి

విళాత్తికుళం దగ్గర నల్లరేగడి ఊళ్లో తిరుమలసామి దాణా కలుపుతుంటే చూసినవాళ్లకి నవ్వొస్తుంది. గోలెం ముందు గొంతుక్కూర్చుని తవుడూ, నానిన పత్తిగింజలూ, కోవిల్‌పట్టి నూనె మిల్లు నుంచి తెచ్చిన వేరుశనగ చెక్కా మోచేతుల దాకా పిసుకుతాడు. చిటికెడు తన నోట్లోనే వేసుకుని నములుతాడు. బూజు చేదు తగలకపోతేనే "తిను తల్లీ" అంటాడు. ఆయన నమిలేదాకా ఆవు మూతి పెట్టదు. రెండువేల మూడు నాటికి వానలు బొత్తిగా మొహం చాటేశాయి, చెక్క ధర కొండెక్కింది. ఆయన వారం వారం గుప్పెడు చెక్క తగ్గించి, ఆ మేరకు చింతపిక్కల పొడీ, సర్కారు తుమ్మకాయల పిండీ కలుపుతూ వచ్చాడు. పాలు తగ్గలేదు. పాల సొసైటీ దగ్గర అదే గొప్పగా చెప్పుకున్నాడు. "పాలు తగ్గలే, నిజమే," అంది భార్య పొన్నుతాయి, పితికి లేస్తూ. "అది దాని ఒళ్లు కరిగించి పోస్తా ఉండాది. పక్కటెముకలు చూస్తిరా?" "వాన పడితే అంతా సరి అయిపోతాది," అన్నాడు గాని, అటు చూడలేదు.

మర్నాటికి చెక్కతో పాటు తవుడూ, పత్తిగింజలూ, చింతపిక్కల పొడీ కూడా అయిపోయాయి. మిగిలింది తుమ్మకాయల పిండీ, వేరుశనగ పొట్టూ. అవే కలిపి చిటికెడు తీశాడు. బూజు వాసన గుప్పుమంది. ఆవు ఆయన చేతినే చూస్తూ నిలబడింది. తిరుమలసామి చేయి నోటిదాకా తీసుకెళ్లి, ఖాళీ దవడలు ఆడించి, ఆ పిండిని పంచెకి తుడిచేసుకున్నాడు. "తిను తల్లీ," అన్నాడు. ఆవు తల వంచి గోలెంలో మూతి పెట్టింది.