వెండి పట్టీలు, మైలుతుత్తం నీళ్లు

నా చిన్నప్పుడు నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. ఉప్పుగూడలో మా తాతయ్య పుస్తకాలకు అట్టలు కట్టేవాడు. పురుగు పట్టకుండా మైదాపిండి జిగురులో మైలుతుత్తం నీళ్లు కలిపేవాడు. విషమది, ఆ నీలం నీళ్ల గాజుగిన్నె ముట్టుకోవద్దని రోజుకు పదిసార్లు చెప్పేవాడు. నేను పదకొండుసార్లు ముట్టుకునేదాన్ని. ఒకసారి ఆయన కుట్టే ఇనుప సూదిని అందులో పడేస్తే, కాసేపటికి దానికి ఎర్రగా రాగి పూత పట్టింది. తాతయ్య నన్ను చెడామడా తిట్టాడు.

ఆ వారంలోనే సైదాబాద్‌లో చుట్టాల పెళ్లి. అమ్మ తన పుట్టింటివాళ్లు పెట్టిన వెండి పట్టీలు తోమిపెట్టమని నాకిచ్చింది. అమ్మకున్న నగలంటూ అవే. వాటిని పట్టుకుని గిన్నె దగ్గర గంతులేస్తుంటే ఒక పట్టీ జారి ఆ నీళ్లలో మునిగింది. ఇక అదీ సూదిలాగే ఎర్రబడిపోయిందనుకున్నాను. చూసే ధైర్యం లేక పక్కింటి అక్క దగ్గరికి పరుగెత్తాను. అక్క కాలేజీలో సైన్సు చదువుతోంది.

నేను ఏడుస్తూ చెప్పిందంతా విని, అక్క బండ మీద సుద్దతో పైనుంచి కిందికి నాలుగు పేర్లు రాసింది: జింకు, ఇనుము, రాగి, వెండి.

"పైనున్నది కిందున్నదాన్ని ఎల్లగొడ్తది. ఇనుము రాగికి పైనుంది. గందుకే మైలుతుత్తంల కలిసున్న రాగిని బయటికి నూకింది, అది సూదికి అంటుకుంది. ఇప్పుడు చెప్పు, వెండి ఏం జేస్తది?"

"ఎర్రగైతదక్కా! అమ్మ సంపుతది."

"నేనడిగింది నీ భయాన్ని కాదు. పేర్లు చూసి చెప్పు."

అవతల పట్టీలేవని అమ్మ పిలుస్తోంది. నా కాళ్లు నిలవడం లేదు. అక్క మాత్రం నన్ను కదలనివ్వలేదు. ఒక్కో పేరు మీద వేలు పెట్టి చూశాను. వెండి అన్నిటికంటే అడుగున ఉంది.

"ఏం గాదు," అన్నాను, నా మాట మీద నాకే నమ్మకం లేకుండా.

"మరి పోయి తియ్యి."

పుల్లతో పైకి తీశాను. పట్టీ తెల్లగా, ఎలా ఉన్నదో అలాగే ఉంది. కడిగి తుడిచి అమ్మ చేతిలో పెడితే, ఇంతసేపు ఏంజేస్తున్నవని ఒక మొట్టికాయ వేసింది. మొట్టికాయ తిని సంతోషించడం నాకు అదొక్కసారే.

ఆ రోజుతో నా కంగారు తగ్గిందంటే అబద్ధం. ఇప్పటికీ కూతురు ఫోనెత్తకపోతే పది ఘోరాలు ఊహించుకుంటూ ఇల్లంతా తిరుగుతాను. తిరుగుతూనే నన్ను నేను అడుగుతాను, ఇది తెలిసి అనుకుంటున్నానా, భయపడి అనుకుంటున్నానా అని. చాలాసార్లు భయపడే. అప్పుడు కూర్చుంటాను. ఐదు నిమిషాలైనా సరే, కూర్చుంటాను.