టీ మానేసిన అమ్మకు తలనొప్పి

మా ఇంట్లో టీ షిఫ్టుల లెక్కన నడిచేది. నాన్న ఉక్కు ప్లాంటులో ఉన్నన్నాళ్ళూ డ్యూటీకి వెళ్ళే ముందొకసారి, వచ్చాక ఒకసారి అమ్మ టీ పెట్టి, తనూ తాగేది. నాన్న రిటైరయ్యాక కూడా ఆవిడ షిఫ్టులు ఆగలేదు. ఈ హిందీ ఊళ్ళో మేముండే ఖుర్సీపార్ బస్తీలో, మా వీధిలో ఏ గుమ్మం ఎక్కినా టీ గ్లాసు చేతికొచ్చేది. అలాంటి మనిషి పోయినేడు ఈస్టరుకు ముందొచ్చే నలభై రోజుల శ్రమకాల దినాల్లో టీ మానేస్తానని ప్రార్థన చేసుకుంది. మా చర్చిలో చాలామంది మాంసం మానతారు. "నాకు ఇష్టమైంది ఇదొక్కటే కదే, ఇదే దేవుడికి ఇచ్చేస్తాను," అంది.

మర్నాటికే తలనొప్పి పట్టుకుంది. మందుల దుకాణం భయ్యా దగ్గర తెచ్చుకున్న మాత్ర వేసుకుంటే కాసేపటికి తగ్గేది. తెల్లారేసరికి మళ్ళీ మొదలు. రెండో వారంలోనూ అంతే. మా పెద్దమ్మ మెదడులో గడ్డతో పోయింది. ఆవిడకూ మొదట తలనొప్పే. ఒక సాయంత్రం బియ్యం ఏరుతూ అమ్మ మెల్లగా అంది.

"అక్కకి వొచ్చిందే నాకూ వొచ్చింది. మీ నాన్నకి సెప్పకు."

పదితో బడి మానేసినదాన్ని నేను. ఆపైన చదివిందంతా టౌన్‌షిప్ లైబ్రరీలోనే. భయం వేసినా అక్కడికే పోతాను. వైద్యం అరలోంచి లావుపాటి హిందీ పుస్తకమొకటి తీసి కూర్చున్నాను. టీలోని కెఫీన్ మెదడు రక్తనాళాలను కాస్త బిగించి ఉంచుతుందట. ఏళ్ళ అలవాటును ఒక్కసారిగా మానేస్తే అవి వెడల్పై నొప్పి పుడుతుందట. కొన్ని నొప్పి మాత్రల్లో పారాసిటమాల్‌తో పాటు కెఫీన్ కూడా కలుపుతారు. మందు త్వరగా పనిచేయడానికి, నొప్పి ఇంకాస్త తగ్గడానికి. అదే రోజూ మింగితే ఒళ్ళు ఆ అలవాటును వదలదు, మాత్ర ప్రభావం తగ్గగానే నొప్పి తిరగబెడుతుంది.

ఇంటికొచ్చి మాత్రల అట్ట వెలుతురులో తిప్పి చూశాను. పారాసిటమాల్ కింద సన్నటి అక్షరాల్లో కెఫీన్.

"అమ్మా, నువ్వు టీ పూర్తిగా మానలేదు. మాత్రలో మింగుతున్నావు."

"ఏటే ఆ మాటలు! మాత్రలో టీ ఉంటాదేటి?"

"టీలో ఉండే సరుకు ఉంది."

అమ్మ గడ్డ సంగతే మరిచిపోయింది. "అయితే నా ఉపాసం సెడిపోనాదా? అయ్యగారికి ఏటని సెప్పాల?"

వాకిట్లోంచి అంతా విన్న నాన్న లోపలికొచ్చాడు. "పాస్టరు గారికి తర్వాత సెప్పుకుందువు గాని, ముందు డాక్టరుకి సెప్పు."

పుస్తకం చదివినంత మాత్రాన నేను వైద్యురాలిని కాను కదా. మర్నాడే తీసుకెళ్ళాం. డాక్టరమ్మ బీపీ చూసింది, కళ్ళలోకి లైటు వేసింది, అమ్మను గదిలో అటూ ఇటూ నడిపించింది. నేను టీ సంగతి చెప్పి అట్ట చూపించాను. ఆవిడ నవ్వింది.

"ఇదే అయ్యుంటుంది. ఈ మాత్ర ఆపేయండి. తప్పనిసరైతే ఉత్త పారాసిటమాల్. అప్పటికీ తగ్గకపోతే స్కాన్ తీద్దాం. ఇదంతా ఎక్కడ చదివారు?"

"లైబ్రరీలో," అన్నాను, కాస్త గట్టిగానే.

మాత్ర ఆపాక మొదట నొప్పి ఎక్కువైంది. అమ్మ తలకు తడిగుడ్డ చుట్టుకుని పడుకుంటే, నాన్న స్కాన్ మాటే పదేపదే అడిగేవాడు. ఆ ఆదివారం పొద్దున అమ్మ అద్దం ముందు జడ వేసుకుంటోంది.

"నొప్పి ఎలా ఉందమ్మా?"

చేయి ఆపి ఆలోచించింది. "నిన్నట్నుంచి లేదే."

నాన్న మంచం మీద కూలబడ్డాడు. నేను వంటింట్లోకి పోయి కొంగుతో కళ్ళు ఒత్తుకున్నాను. బయటికొచ్చేసరికి, చర్చికి టైమైపోతుంటే ఇంకా ఏటి సేస్తన్నారని అమ్మ మా ఇద్దర్నీ తిడుతోంది.